గింజ అరబ్బులది, వేరు ఐరోపాది... కాఫీ మాత్రం మనది

వలసదారుల చేతుల మీదుగా రూపు దిద్దుకొన్న దక్షిణాది పానీయం
పుదుచ్చేరి వీధుల్లో మూడున్నర శతాబ్దాల చరిత్ర

పుదుచ్చేరి: బంగాళాఖాతం మీద సూర్యుడు పైకి వచ్చే వేళకు ఈ పట్టణంలో రెండు రకాల కాఫీలు సిద్ధమవుతాయి. సముద్రపు ఒడ్డున గోబేర్ అవెన్యూలో, ఒకప్పటి రేవు కార్యాలయ భవనంలో నడుస్తున్న ‘ల కఫే’లో కప్పులో వచ్చేది ఒకటి. పట్టణాన్ని రెండుగా విభజించే పాత కాలువను దాటి పడమటికి నడిస్తే, వీధి హోటళ్ళలో స్టీలు గ్లాసులో, డబరాలో పొగలు కక్కుతూ వచ్చేది మరొకటి. మొదటిది ఫ్రెంచివారి కాఫీ అనీ, రెండవది మన కాఫీ అనీ ఇక్కడికి వచ్చే పర్యాటకులు అనుకోవడం సహజం. ఈ విభజన వినడానికి సులువుగా ఉన్నా, చరిత్ర ముందు నిలువదు.

ఎందుకంటే ఫ్రెంచివారికి కాఫీ రుచి చూపినవారు ఫ్రెంచివారు కారు. దక్షిణ భారతానికి కాఫీ గింజ తెచ్చిన దారి కూడా అరేబియా నుండి వచ్చినదే. నేడు తెలుగు, తమిళ, కన్నడ గృహాల్లో ‘అచ్చమైన మన కాఫీ’గా చెలామణీ అవుతున్న పానీయంలో గింజ యెమెన్ దేశానిది, చికోరీ వేరు ఐరోపాది, హోటలు నడిపే పద్ధతి స్వగ్రామాలు విడిచి పరాయి పట్టణాలకు చేరిన వంటవారిది. అయితే ఇన్ని చేతులు మారి వచ్చిన ఈ పానీయం ‘మనది’ కావడానికి రుచి ఒక్కటే సరిపోలేదు. కాఫీ దుకాణంలో ఎవరు కూర్చోవచ్చు, ఎవరు నిలబడాలి, ఎవరు యజమాని అన్న ప్రశ్నలకు కూడా సమాధానాలు వెదకవలసి వచ్చింది. ఆ వెదుకులాటలో పుదుచ్చేరికి ప్రత్యేక స్థానం ఉంది.

ఏడు గింజల ప్రయాణం

1670 ప్రాంతంలో బాబా బుడన్ అనే సూఫీ సాధువు మక్కా యాత్ర ముగించుకొని వస్తూ, యెమెన్‌లోని మోఖా రేవు నుండి ఏడు పచ్చి కాఫీ గింజలను రహస్యంగా వెంట తెచ్చాడని ప్రతీతి. మొలకెత్తగల గింజ దేశం దాటకుండా అరబ్బు వర్తకులు కట్టుదిట్టాలు చేసిన కాలమది. ఆ గింజలను నాటినట్లు చెప్పే చంద్రగిరి కొండలు నేడు కర్ణాటకలోని చిక్కమగళూరు జిల్లాలో బాబా బుడన్‌గిరిగా ప్రసిద్ధి చెందాయి. హిందువులు, ముస్లిములు ఉభయులూ దర్శించుకొనే క్షేత్రం కాఫీ తోటల నడుమ ఉండటం విశేషం.

ఇక్కడితో కథ ఆగలేదు. 1696లో డచ్చివారు మన మలబారు తీరం నుండి కాఫీ మొక్కలను జావా ద్వీపానికి తరలించారు. అవి వరదల పాలు కాగా 1699లో మరోమారు తీసుకుపోయారు. జావాలో పెరిగిన తోటల నుండి 1706లో ఒక మొక్క ఆమ్‌స్టర్‌డామ్ నగర ఉద్యానవనానికి చేరింది. దాని సంతతికి చెందిన మొక్కను 1714లో ఆ నగరం ఫ్రాన్స్ రాజు 14వ లూయీకి కానుకగా పంపింది. ఆ వంశపు మొక్కే 1720 దశకంలో ద క్లియు అనే నౌకాదళ అధికారి ద్వారా అట్లాంటిక్ దాటి మార్టినీక్ ద్వీపానికి, అక్కడి నుండి అమెరికా ఖండంలోని పలు ప్రాంతాలకు విస్తరించింది.

అనగా ప్యారిస్ రాజోద్యానంలో పెరిగిన కాఫీ మొక్క పూర్వీకులు మలబారు గాలి పీల్చినవే. ఫ్రెంచివారు కాఫీని మనకు తెచ్చారన్న వాదన ఎంత అసంపూర్ణమో, కాఫీ ఆది నుండీ మనదేనన్న వాదన కూడా అంతే అసంపూర్ణం.

ప్యారిస్‌కు నేర్పిన పరదేశులు

కాఫీ తాగే అలవాటు విషయంలోనూ ఇదే ధోరణి కనిపిస్తుంది. 1669లో తుర్కీ సుల్తాను రాయబారి సులేమాన్ ఆగా ప్యారిస్‌లో తనను చూడవచ్చిన ప్రభువర్గాలకు కాఫీతో ఆతిథ్యమిచ్చి, ఆ నగరంలో దానిపట్ల మోజు కలిగించాడు. 1672లో పాస్కల్ అనే అర్మేనియా దేశస్థుడు సెంట్ జెర్మైన్ సంతలో దుకాణం పెట్టి సామాన్యులకు కాఫీ అమ్మాడు. వ్యాపారం గిట్టుబాటు కాక అతడు ప్యారిస్ విడిచిపోవలసి వచ్చింది. 1686లో ఇటలీలోని సిసిలీ ద్వీపం నుండి వచ్చిన ప్రొకోపియో తెరచిన ‘కఫే ప్రొకోప్’ మాత్రం నిలదొక్కుకొంది. తరువాతి కాలంలో రచయితలు, తత్త్వవేత్తలు, విప్లవకారులు కూడే స్థలంగా అది పేరుపొందింది.

పాస్కల్ ప్యారిస్ సంతలో కాఫీ అమ్మిన రెండేళ్ళకు, అనగా 1674లో, ఫ్రాంస్వా మార్తాన్ ఇక్కడ ఫ్రెంచి స్థావరానికి పునాది వేశాడు. ఆ పిదప కొన్ని దశాబ్దాలకే పుదుచ్చేరికీ మోఖా రేవుకూ నడుమ వర్తకం బలపడింది. బాకీలు, సుంకాల విషయమై అక్కడి అధికారులతో తగాదా ముదరగా, 1737లో ఇక్కడి నుండి వెళ్ళిన ఫ్రెంచి నౌకలు మోఖాపై ఫిరంగులు పేల్చాయి. కాఫీ అప్పటికే కాలక్షేపపు పానీయం స్థాయి దాటి రాజ్యాల ఆర్థిక ప్రయోజనాలతో ముడిపడిపోయిందనడానికి ఇదొక నిదర్శనం.

యానాం నుండి బూర్బన్ ద్వీపానికి

ఈ ఆర్థిక ప్రయోజనాల భారం మోసినవారిలో తెలుగువారూ ఉన్నారు. హిందూ మహాసముద్రంలో నేడు రీయూనియన్‌గా పిలిచే బూర్బన్ ద్వీపానికి ఫ్రెంచి ఈస్టిండియా కంపెనీ 1715లో మోఖా నుండి కాఫీ మొక్కలను తరలించింది. తోటల పనికి ఆఫ్రికా, మడగాస్కర్‌ల నుండే గాక భారత తీరాల నుండి కూడా బానిసలను తీసుకుపోయారు. 1806, 1807 సంవత్సరాల్లో వరుసగా వచ్చిన తుపానులు కాఫీ తోటలను ధ్వంసం చేయగా, ద్వీపం క్రమంగా చెరకు సాగు వైపు మళ్ళింది. పనివారి అవసరం మాత్రం తగ్గలేదు.

గోదావరి ముఖద్వారాన ఉన్న యానాం అప్పటికి ఫ్రెంచివారి అధీనంలో ఉంది. 1828లో ఒప్పంద కూలీలుగా రీయూనియన్‌కు తొలిసారి ఓడ ఎక్కించిన భారతీయులు ఈ యానాం నుండి వెళ్ళిన తెలుగువారే. కూలి, తిండి, తిరుగు ప్రయాణం గురించి చేసిన వాగ్దానాలకూ, అక్కడి వాస్తవాలకూ పొంతన కుదరక ఆ తొలి ప్రయోగం కొద్ది సంవత్సరాల్లోనే ఆగిపోయింది. 1848లో ఫ్రెంచి వలస ప్రాంతాల్లో బానిసత్వం రద్దయిన తరువాత పుదుచ్చేరి, కారైక్కాల్ రేవుల నుండి మళ్ళీ పెద్దయెత్తున కూలీలు తరలివెళ్ళారు. నేడు రీయూనియన్ జనాభాలో దాదాపు నాలుగోవంతు భారతీయ సంతతివారు కావడానికి కారణమిదే.

కాఫీ చరిత్ర చెప్పేటప్పుడు గింజల ప్రయాణాన్ని వింతగా వర్ణించడం పరిపాటి. ఆ గింజల వెనుక, వాటి స్థానంలో వచ్చిన చెరకు వెనుక, మనుషులు కూడా ప్రయాణం చేశారనీ, ఆ ప్రయాణం అందరికీ ఇష్టపూర్వకమైనది కాదనీ యానాం అనుభవం గుర్తుచేస్తున్నది.

యుద్ధం నేర్పిన రుచి

దక్షిణాది కాఫీకి చిక్కదనం, ముదురు రంగు, నాలుక చివర నిలిచే చిరుచేదు ఇచ్చే చికోరీ కథ మరొకటి. ఇది కాఫీ చెట్టుకు సంబంధించినది కాదు. ఐరోపాలో పెరిగే ఒక మొక్క వేరు. దానిని ఎండబెట్టి, వేయించి, పొడి చేసి కాఫీ పొడిలో కలుపుతారు. ఇందులో కాఫీకి ఉత్తేజం ఇచ్చే కెఫీన్ ఉండదు.

1806లో నెపోలియన్ బ్రిటన్‌పై వర్తక దిగ్బంధం ప్రకటించడంతో సముద్రాంతర సరకులు ఐరోపాకు చేరడం కష్టమైంది. కాఫీకి కరవు రాగా ఫ్రెంచివారు చికోరీ వేరును ఆశ్రయించారు. దిగ్బంధం తొలగినా అలవాటు తొలగలేదు. అమెరికాలో ఫ్రెంచి సంతతివారు అధికంగా ఉన్న న్యూ ఆర్లియన్స్ నగరం కూడా అంతర్యుద్ధ కాలంలో రేవు మూతపడినప్పుడు చికోరీనే నమ్ముకొంది. అక్కడ నేటికీ చికోరీ కలిపిన పాల కాఫీ నగర చిహ్నంగా పరిగణన పొందుతున్నది.

భారతదేశంలో చికోరీ వ్యాప్తికి ఫ్రెంచివారితో పాటు బ్రిటిషువారూ కారకులే. స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో 1876లో తయారైన ‘క్యాంప్’ అనే చికోరీ కాఫీ ద్రావకం సీసాలు వలస సామ్రాజ్యమంతటా చేరాయి. నేడు మన దేశంలో చికోరీని గుజరాత్‌లోని జామ్‌నగర్ ప్రాంతంలోను, ఉత్తరప్రదేశ్‌లోని ఏటా ప్రాంతంలోను రైతులు సాగు చేస్తున్నారు. కరవు కాలంలో కల్తీగా మొదలైన వస్తువు క్రమంగా రుచిగా స్థిరపడిందన్నమాట. చికోరీ లేని కాఫీని నీళ్ళ కాఫీగా భావించే కుటుంబాలు దక్షిణాదిలో నేటికీ కోకొల్లలు.

ఒకే సూత్రం, రెండు గ్లాసులు

కాఫీ దించే విధానంలోనూ దేశాల మధ్య చుట్టరికాలు ఉన్నాయి. 1800 ప్రాంతంలో ప్యారిస్ ఆర్చిబిషప్ ద బెల్వా పేరిట ఒక పాత్ర ప్రచారంలోకి వచ్చింది. పై గిన్నెలో కాఫీ పొడి పోసి వేడినీళ్ళు పోస్తే, అడుగున ఉన్న సన్నని రంధ్రాల గుండా సారం కింది గిన్నెలోకి బొట్లు బొట్లుగా దిగుతుంది. మన ఇళ్ళలోని రెండు అంతస్తుల ఇత్తడి, స్టీలు ఫిల్టర్లు పనిచేసేది ఇదే సూత్రంపైన. వియత్నాంలో ‘ఫిన్’ అని పిలిచే చిన్న ఫిల్టరుదీ ఇదే సూత్రం.

వియత్నాం ప్రస్తావన ఇక్కడ యాదృచ్ఛికం కాదు. ఫ్రెంచి పాలనలో పుదుచ్చేరి, కారైక్కాల్ వాసులు గుమాస్తాలుగా, పోలీసులుగా, సైనికులుగా, వర్తకులుగా సైగాన్‌కు తరలివెళ్ళారు. 1954లో అక్కడ ఫ్రెంచి ప్రాబల్యం అంతరించగా వారిలో అనేకులు తిరిగి వచ్చారు. కొందరు వియత్నాం స్త్రీలను వివాహమాడి కుటుంబాలతో వచ్చారు. అందుచేతనే పుదుచ్చేరి వంటశాలల్లో నేటికీ వియత్నాం వంటకాలు కనిపిస్తాయి.

1857లో ఫ్రెంచి మత ప్రచారకుల ద్వారా వియత్నాం చేరిన కాఫీ అక్కడ తాజా పాలు దొరకని కారణంగా డబ్బా పాలతో జతకట్టింది. దక్షిణ భారతంలో ఆవు పాలు, గేదె పాలు సమృద్ధిగా ఉన్నందున, చిక్కని డికాషన్‌లో మరగకాచిన పాలు, పంచదార కలిపి, గ్లాసు నుండి డబరాకు, డబరా నుండి గ్లాసుకు తిరగబోసి నురుగు తేల్చే పద్ధతి స్థిరపడింది. వచ్చిన వస్తువు ఒకటే అయినా, దానిని ఆయా దేశాల పశుసంపద, వాతావరణం, వంటిల్లు వేర్వేరు పానీయాలుగా మలిచాయి. 

కూర్చునే హక్కు

రుచి స్థిరపడినంత సులువుగా సమానత స్థిరపడలేదు. ఫ్రెంచి పాలనలో పుదుచ్చేరి కాలువకు తూర్పున ఉన్న భాగాన్ని తెల్లవారి పట్టణమనీ, పడమట ఉన్నదాన్ని నల్లవారి పట్టణమనీ వ్యవహరించారు. బ్రిటిషు పాలిత ప్రాంతాల్లోనూ పరిస్థితి భిన్నంగా లేదు. ‘క్యాంప్’ కాఫీ సీసాపై ముద్రించిన బొమ్మే ఇందుకు సాక్ష్యం. అందులో స్కాట్ సైనికుడు కూర్చుని కాఫీ తాగుతుంటే, సిక్కు సేవకుడు పళ్ళెం పట్టుకొని నిలబడి ఉండేవాడు. విమర్శల అనంతరం పళ్ళెం తొలగింది. 2006 నాటికి గాని ఆ సిక్కు సైనికునికి పక్కన కూర్చునే యోగం పట్టలేదు.

అయితే తెల్లవారిని తప్పుపట్టి ఊరుకోవడానికి వీలులేదు. 20వ శతాబ్ది తొలి దశకాల్లో తంజావూరు, పాలక్కాడ్, ఉడుపి ప్రాంతాల నుండి బయలుదేరిన బ్రాహ్మణ కుటుంబాలు దక్షిణాది పట్టణాల్లో ‘కాఫీ క్లబ్బు’లు, భోజన హోటళ్ళు నెలకొల్పాయి. వీరు భాష దాటి, ప్రాంతం దాటి వెళ్ళిన అంతర్గత వలసదారులు. మద్రాసులో 1938లో వుడ్‌లాండ్స్ హోటల్‌ను స్థాపించిన కె. కృష్ణారావు ఉడుపి ప్రాంతం నుండి వచ్చినవారే. ఇడ్లీ, దోసె, కాఫీ అనే త్రయాన్ని ఆంధ్ర పట్టణాల వీధి వీధికీ చేర్చిన ఘనత ఈ ఉడిపి హోటళ్ళకే దక్కుతుంది.

కాని వీటిలో పలు హోటళ్ళు తొలి రోజుల్లో అందరికీ తలుపులు తెరవలేదు. బ్రాహ్మణులకు వేరుగా, ఇతరులకు వేరుగా పంక్తులు ఉండేవి. దళితులకు ప్రవేశమే లేదు. రైల్వే ఫలహారశాలల్లో సైతం ఈ భేదం కొనసాగి, పెరియార్ ఇ.వి. రామస్వామి నాయకత్వంలో జరిగిన ఉద్యమం ఫలితంగా 1941లో రద్దయింది. హోటళ్ళ పేరు పలకలపై ‘బ్రాహ్మణ’ పదాన్ని తొలగించాలని 1957లో మద్రాసులోని ట్రిప్లికేన్‌లో ఒక హోటలు ముందు ఆయన అనుచరులు దీర్ఘకాలం ఆందోళన సాగించారు. ఒక కప్పు కాఫీ కోసం ఇంతటి పోరాటం అవసరమైందని నేటి తరానికి తెలియజెప్పవలసి ఉంది.

పనివారే యజమానులు

సరిగ్గా అదే 1957లో మరొక మార్పు చోటుచేసుకొంది. 1930 దశకపు ఆర్థిక మాంద్యంలో కాఫీ ధరలు పడిపోగా, స్వదేశంలో వాడకం పెంచేందుకు కాఫీ సెస్ కమిటీ 1936లో బొంబాయిలోని చర్చ్‌గేట్ వద్ద ‘ఇండియా కాఫీ హౌస్’ తెరిచింది. 1942 చట్టం ద్వారా ఏర్పడిన కాఫీ బోర్డు ఆధ్వర్యంలో ఇవి దేశమంతటా విస్తరించాయి. 1950 దశకం మధ్యలో వీటిని మూసివేయాలని బోర్డు నిర్ణయించడంతో కార్మికులు వీధిన పడే పరిస్థితి ఏర్పడింది.

కమ్యూనిస్టు నాయకుడు ఎ.కె. గోపాలన్ వారికి అండగా నిలిచి, మూసివేస్తున్న కాఫీ హౌస్‌లను కార్మికులే తీసుకొని నడపాలన్న ప్రతిపాదనను ముందుకు తెచ్చారు. తొలి కార్మిక సహకార సంఘం 1957 ఆగస్టు 19న బెంగళూరులో ఏర్పడింది. తొలి ‘ఇండియన్ కాఫీ హౌస్’ అదే సంవత్సరం అక్టోబరు 27న ఢిల్లీలో ప్రారంభమైంది. 1958 చివరికల్లా పుదుచ్చేరి సహా అనేక నగరాలకు ఇవి విస్తరించాయి.

ఇక్కడొక చారిత్రక విశేషం ఉంది. ఫ్రెంచివారు 1954 నవంబరు 1న పుదుచ్చేరి పాలనను భారత ప్రభుత్వానికి అప్పగించినా, చట్టరీత్యా విలీనం పూర్తయింది 1962 ఆగస్టు 16న మాత్రమే. అప్పుడు దాదాపు 5 వేల మంది ఫ్రెంచి పౌరసత్వాన్ని ఎంచుకొన్నారు. అనగా పట్టణం చట్టం దృష్టిలో ఇంకా పూర్తిగా భారతదేశంలో చేరకముందే, భారత కార్మికుల సొంత కాఫీ దుకాణం ఇక్కడ వెలసింది. అది ఉన్న నెహ్రూ వీధి, ఫ్రెంచి పాలనలో గవర్నరు డూప్లే పేరిట ఉన్న వీధే కావడం గమనార్హం.

తెల్లని దుస్తులు, తలపాగాలతో వడ్డించే కాఫీ హౌస్ కార్మికులు సంఘంలో భాగస్వాములు కూడా. ఇక్కడ కులమడిగేవారు లేరు. ఒక కప్పు కాఫీతో గంటలు గడిపినా లేవమనేవారు లేరు. కెనడా రచయిత యాన్ మార్టెల్ 2001లో వెలువరించిన ‘లైఫ్ ఆఫ్ పై’ నవల ప్రారంభ ఘట్టం నెహ్రూ వీధి కాఫీ హౌస్‌లోనే జరుగుతుంది. 2012లో ఆంగ్ లీ ఆ నవలను చలనచిత్రంగా రూపొందించిన తరువాత ఈ పేరు విదేశీయులకు మరింత పరిచయమైంది.

ఆస్ట్రేలియా అనుభవం

వలసదారుల పానీయం స్థానిక సంస్కృతిగా మారడం ఇక్కడికే పరిమితం కాదు. రెండవ ప్రపంచ యుద్ధానంతరం ఇటలీ, గ్రీసు దేశాల నుండి లక్షలాదిగా తరలివచ్చిన శ్రామికులు తేనీటి దేశమైన ఆస్ట్రేలియాకు కాఫీ అలవాటు చేశారు. మెల్‌బోర్న్ నగరంలో ఇటలీ వారు తెరచిన ‘పెల్లెగ్రినీస్’ కాఫీ దుకాణం ప్రారంభమైనది 1954లో. పుదుచ్చేరి చేతులు మారిన సంవత్సరమే అది. ఒత్తిడితో కాఫీ దించే యంత్రం అక్కడ వలసదారుల జీవనోపాధి సాధనమైంది.

ఆ పునాది ఎంత గట్టిదో 2008లో తేటతెల్లమైంది. 2000 సంవత్సరంలో ఆస్ట్రేలియాలో ప్రవేశించిన అమెరికా కంపెనీ స్టార్‌బక్స్, ఎనిమిదేళ్ళకు తన 84 దుకాణాల్లో 61 మూసివేయవలసి వచ్చింది. వీధి చివరి చిన్న దుకాణాల కాఫీకి అలవాటు పడిన జనం కొత్త కంపెనీని ఆదరించలేదు. మన దేశంలో 2012లో టాటా సంస్థతో కలిసి అడుగుపెట్టిన అదే కంపెనీ, పదేళ్ళకు తన పట్టికలో దక్షిణాది ఫిల్టర్ కాఫీని కూడా చేర్చుకొంది. బయటివారు మన అలవాటు మార్చడమే కాదు, మన అలవాటుకు వారు లొంగడమూ జరుగుతుందనడానికి ఇది దృష్టాంతం.

గ్లాసులో ఏముంది?

కాగా ఈ సంస్కృతికి నేడు ఎదురవుతున్న పరీక్ష ధరల రూపంలో ఉంది. 1942 నుండి కాఫీ బోర్డు రైతుల పంటనంతటినీ సేకరించి అమ్మే ‘పూల్’ పద్ధతి ఉండేది. ఆర్థిక సంస్కరణల క్రమంలో అది దశలవారీగా సడలి 1996లో అంతరించింది. అప్పటి నుండి రైతు నేరుగా అంతర్జాతీయ విపణి ఒడుదుడుకులకు లోబడ్డాడు. ధర పడినప్పుడు నష్టపోయాడు, పెరిగినప్పుడు లాభపడ్డాడు.

వియత్నాం, బ్రెజిల్ దేశాల్లో వర్షాభావం వల్ల దిగుబడులు దెబ్బతినగా 2024లో లండన్ విపణిలో రోబస్టా రకం ధర టన్నుకు 5 వేల డాలర్లు దాటింది. 2025 ఫిబ్రవరిలో న్యూయార్క్ విపణిలో అరబికా రకం పౌనుకు 4 డాలర్లు మించింది. భారత ఉత్పత్తిలో దాదాపు 70 శాతం రోబస్టాయే. పండిన కాఫీలో అధిక భాగం ఎగుమతి అవుతుండగా, ఇటలీ ప్రధాన కొనుగోలుదారుగా ఉంది. 2024-25 ఆర్థిక సంవత్సరంలో ఎగుమతుల విలువ సుమారు 180 కోట్ల డాలర్లకు చేరింది. తోటల యజమానులకు ఇది శుభవార్తే అయినా, వీధి హోటలుకు, సహకార కాఫీ హౌస్‌కు, మధ్యతరగతి గృహిణికి భారమే.

గింజ ధర పెరిగినప్పుడల్లా చవకైన చికోరీ పాలు పెంచాలన్న ఒత్తిడి వ్యాపారులపై పడుతుంది. చట్టప్రకారం కాఫీ, చికోరీ మిశ్రమంలో కాఫీ 51 శాతానికి తగ్గరాదు. రెండింటి శాతాలను పొట్లంపై ముద్రించాలి. కొనేవారు ధర ఒక్కటే చూడక ఈ అంకెలను కూడా చదివితే తమ గ్లాసులో ఉన్నది గింజో, వేరో తెలుసుకోగలుగుతారు. కాఫీ హౌస్ వంటి సంస్థలకు ఈ సమస్య మరింత జటిలం. ధర పెంచితే సామాన్యుడు దూరమవుతాడు. పెంచకుంటే కార్మికుని జీతానికే ఎసరు వస్తుంది. సామాన్యుడు వచ్చి కూర్చోగలగడం, కార్మికుడు యజమానిగా నిలబడగలగడం అనే రెండు ఆశయాల మీద పుట్టిన సంస్థకు ఈ రెంటిలో దేనిని వదులుకొన్నా తనను తాను వదులుకొన్నట్లే.

మన్యం నుండి ప్యారిస్‌కు

ఈ చరిత్రలో చివరి మలుపు తెలుగు నేలకు సంబంధించినది. 1898లో బ్రిటిషువారు తూర్పు గోదావరి మన్యంలోని పాములేరు లోయలో కాఫీ నాటించారు. కాలక్రమంలో ఆ సాగు విశాఖ మన్యంలోని గిరిజన గ్రామాలకు విస్తరించింది. వెండి ఓక్ చెట్ల నీడన, వాటికి అల్లుకొన్న మిరియాల తీగల నడుమ చిన్న కమతాల్లో గిరిజనులు పండించే ‘అరకు లోయ అరబికా’కు 2019లో భౌగోళిక గుర్తింపు లభించింది. అంతకు రెండేళ్ళు ముందే, 2017లో, అరకు పేరిట ఒక కాఫీ దుకాణం ప్యారిస్ నగరంలో తలుపులు తెరిచింది.

అర్మేనియా వర్తకుడు 1672లో అదే నగరపు సంతలో పొగలు కక్కే కొత్త పానీయాన్ని అమ్మజూపినప్పుడు అది ఎక్కడి నుండి వచ్చిందని కొనేవారు అడిగి ఉంటారు. యెమెన్ నుండి చిక్కమగళూరుకు, మలబారు నుండి జావాకు, ఆమ్‌స్టర్‌డామ్ నుండి ప్యారిస్‌కు, యుద్ధం నుండి వంటింటికి సాగిన ప్రయాణంలో కాఫీ ఏ ఒక్క జాతికీ పుట్టింటి సొత్తు కాలేదు. దానిని పెంచినవారు, దించినవారు, వడ్డించినవారు, పక్క మనిషితో సమానంగా కూర్చుని తాగే హక్కు కోసం నిలబడినవారు అందరూ కలిసి దానిని తమదిగా చేసుకొన్నారు.

పుదుచ్చేరి కాలువకు అటూ ఇటూ ఉన్న రెండు కాఫీలను వేరుచేసేది కొద్ది నిమిషాల నడక మాత్రమే. నేడు ఆ కాలువను ఎవరైనా దాటవచ్చు. ఏ బల్ల ముందైనా కూర్చోవచ్చు. కాఫీ మనదైందని చెప్పడానికి అంతకు మించిన రుజువు అవసరం లేదు.